ఆరుబయట ఎక్కువ కాలం మన్నే కుండీలను ఎంచుకోవడం

మొక్కల కోసం కుండీలు కొనబోయేవారు సాధారణంగా ఏ రకం గట్టిదని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒకే సమాధానం చెప్పడం కష్టం, ఎందుకంటే ఆరుబయట పెట్టిన ఒక్కో రకం కుండీ ఒక్కో కారణంతో పాడవుతుంది. ప్లాస్టిక్కును ఎండ పెళుసుగా మారుస్తుంది. మట్టి కుండీని లోపలి నుంచి ఊరే ఉప్పు, గడ్డకట్టే చలి, బయటి నుంచి తగిలే దెబ్బ పాడుచేస్తాయి. సిమెంటు కుండీని చాలాసార్లు దానిలోపలి ఇనుప చువ్వే పగలగొడుతుంది. చెక్కను తడి, రేకును తుప్పు తినేస్తాయి. అందువల్ల కుండీని చేతిలోకి తీసుకునే ముందే దాన్ని ఎక్కడ పెట్టబోతున్నామో, అక్కడ దానికి దేనివల్ల ముప్పు ఉందో ఆలోచించుకోవాలి. ఒకచోట ఏళ్ల తరబడి నిలిచే కుండీ మరొకచోట రెండు మూడేళ్లకే ముక్కలు కావచ్చు.

ముందు చోటును చూడాలి

ఆ చోటులో మధ్యాహ్నపు ఎండ ఎంతసేపు పడుతుంది, చలికాలంలో నీరు గడ్డకట్టేంత చలి ఉంటుందా, గాలి ఏ వైపు నుంచి బలంగా వీస్తుంది, కుండీని తరచు జరపవలసి వస్తుందా అనే నాలుగు విషయాలు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్లే. బాల్కనీలోనో మేడమీదనో పెట్టేవారు బరువును కూడా లెక్క వేసుకోవాలి. లోపల 40 సెంటీమీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న గుండ్రటి కుండీలో దాదాపు 50 లీటర్ల మట్టి పడుతుంది. అందులో కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం నింపితే నీరు పోసిన తరువాత 50 కిలోలకు కొంచెం అటూ ఇటూగా తూగుతుంది. మామూలు తోటమట్టి నింపితే, తడిసినప్పుడు ఆ బరువు 90 కిలోలకు చేరవచ్చు. కుండీ సొంత బరువు, మొక్క బరువు దీనికి అదనం. అటువంటివి పది పెట్టాలనుకునేవారు వాటిని నడిమధ్యలో గుంపుగా కాక, గోడల వెంబడి, దూలాల మీదుగా పెట్టాలి; అంతకు మించిన ఆలోచన ఉంటే కట్టడం బలం తెలిసిన ఇంజనీరును అడగకుండా ముందుకు వెళ్లకూడదు. పిట్టగోడ మీద కుండీలు పెట్టడం ఎంత అందంగా కనిపించినా మానుకోవలసిన అలవాటు.

గాలి విషయంలో బరువు మనకు మేలు చేస్తుంది. పొడవుగా పెరిగే మొక్కను తేలికైన, అడుగు సన్నగా ఉన్న కుండీలో పెడితే మొదటి గాలివానకే పడిపోతుంది. కుండీలు పగలడానికి వాటి నాణ్యతా లోపం కంటే ఇలా పడిపోవడమే తరచు కారణమవుతుందని నా అభిప్రాయం. గాలి ఎక్కువగా ఉండే చోట అడుగు వెడల్పుగా ఉన్న కుండీని, లేదా అడుగు భాగం బరువుగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

ప్లాస్టిక్ కుండీలు

ప్లాస్టిక్కు అనగానే అన్నీ ఒకటే అనుకోవడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. కుండీ అడుగున త్రికోణపు బాణం గుర్తులో ఒక అంకె ఉంటుంది. 2 అంటే గట్టి పాలిథిలీన్, అంటే హెచ్‌డీపీఈ. 5 అంటే పాలీప్రొపిలీన్. 6 అంటే పాలీస్టైరీన్. ఆరుబయటికి మొదటి రెండూ పనికి వస్తాయి, మూడవది త్వరగా చిట్లుతుంది. పాలీప్రొపిలీన్ చలికి పెళుసెక్కుతుంది కాబట్టి నీరు గడ్డకట్టే ప్రాంతాల్లో పాలిథిలీన్ మేలు.

ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు ప్లాస్టిక్కులోని పొడవైన అణుగొలుసులను తెంపుతాయి. మొదట రంగు వెలుస్తుంది, తరువాత వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుతుంది, చివరికి కుండీని ఎత్తబోయినప్పుడు అంచు చేతిలోకి ఊడి వస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి తయారీలోనే యూవీ నిరోధక పదార్థాలు కలుపుతారు. వాటిలో అన్నిటికంటే పాతదీ నమ్మదగినదీ కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి. ఆరుబయట వేసే నల్లటి నీటి గొట్టాల్లో 2 నుంచి 3 శాతం వరకు కలిపేది దీన్నే. అందువల్ల ఇతర విషయాలన్నీ సమానమైతే నల్ల కుండీ రంగురంగుల కుండీ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. లేత రంగు కుండీ కొనేటప్పుడు యూవీ నిరోధకం కలిపినదేనా అని అడిగి, ఆ మాట తయారీదారు ఇచ్చిన వివరాల్లో ఉందో లేదో చూడాలి; అమ్మేవారి నోటిమాట సరిపోదు.

అయితే కుండీకి మేలు చేసే నలుపు వేళ్లకు కీడు చేస్తుంది. నేరుగా ఎండ తగిలే నల్ల కుండీ గోడ బాగా వేడెక్కి, దానికి ఆనుకుని ఉన్న మట్టి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే సన్నని పీచువేళ్లు చాలా మొక్కల్లో చచ్చిపోతాయి. ఎండ తీవ్రంగా ఉన్న చోట నల్ల కుండీని కాస్త పెద్దదైన మరో కుండీలో దించి పెట్టడం, లేదా ఎండ వచ్చే వైపు చిన్న కుండీలను వరుసగా పెట్టి నీడ కల్పించడం చేయాలి. రెండు గోడల మధ్య గాలి ఉండే జంట పొరల కుండీలు దొరికితే వాటికి కొంత ఎక్కువ ఖర్చు పెట్టడం దండగ కాదు.

ప్లాస్టిక్కు మందాన్ని అంచు దగ్గర చూసి మోసపోకూడదు, అంచును మడిచి మందంగా కనిపించేలా చేస్తారు. నడుము దగ్గర రెండు చేతులతో మెల్లగా నొక్కి చూడాలి. మంచి కుండీ కొద్దిగా వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది. నొక్కిన చోట తెల్లటి గీత పడినా, సన్నగా చిటపటలాడినా దాన్ని అక్కడే వదిలేయాలి. నీటి ట్యాంకుల మాదిరిగా అచ్చును తిప్పుతూ పోతపోసిన కుండీలు అతుకు లేకుండా, మందంగా ఉంటాయి. ప్లాస్టిక్కులో దీర్ఘకాలానికి నేను సిఫారసు చేసేది వాటినే. ఖాళీ అయిన పెయింటు బకెట్లకు చిల్లులు పెట్టి వాడేవారు చాలామంది ఉన్నారు. తాత్కాలికంగా ఫరవాలేదు కానీ, అవి ఇంటి లోపల నిల్వ కోసం చేసినవి కాబట్టి ఎండకు ఎక్కువ కాలం ఆగవు. మట్టితో నిండిన బకెట్టును కాడ పట్టుకుని ఎత్తినప్పుడు కాడ తగిలించిన చోటే మొదట విరుగుతుంది. పురుగుమందులు, రసాయనాలు నిల్వ చేసిన డబ్బాలను మాత్రం ఎంత కడిగినా మొక్కలకు వాడకూడదు.

మట్టి కుండీలు, గ్లేజు కుండీలు

కాల్చిన మట్టి కుండీ గోడకు సన్నని రంధ్రాలుంటాయి. నీరు ఆ గోడ గుండా బయటికి ఊరి ఆవిరవుతుంది కాబట్టి లోపలి మట్టి చల్లగా ఉంటుంది, వేళ్లకు గాలి అందుతుంది, నీరు ఎక్కువ పోసే అలవాటున్నవారి చేతిలోనూ మొక్క బతుకుతుంది. ప్రతిగా నీరు తరచు పోయవలసి వస్తుంది. మన్నికకు వచ్చే చిక్కు కూడా ఆ రంధ్రాల వల్లనే. నీటిలో, ఎరువుల్లో కరిగి ఉన్న లవణాలు గోడలోకి చేరి, నీరు ఆవిరయ్యాక అక్కడే స్ఫటికాలుగా పెరుగుతాయి. బయట కనిపించే తెల్లటి పొరను బ్రష్షుతో రుద్ది తీసేయవచ్చు. పైపొర కిందనే పెరిగిన స్ఫటికాలు మాత్రం కుండీని పెచ్చులుగా ఊడగొడతాయి. నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. చలిదేశాల్లో తడిసిన మట్టి కుండీ శీతకాలంలో పగలడానికి అదే కారణం.

ఈ రెండు ముప్పులనూ తట్టుకునే శక్తి కుండీ ఎంత బాగా కాలిందన్న దానిపై ఆధారపడుతుంది. దాన్ని పరీక్షించడం సులభం. కుండీని అరచేతి మీద లేదా చదునైన నేల మీద పెట్టి వేలి కణుపుతో కొట్టాలి: బాగా కాలినది ఖంగుమంటుంది, సరిగా కాలనిదీ బీటవారినదీ మొద్దుగా చప్పుడు చేస్తాయి. గోటితో గీసినప్పుడు పొడి రాలకూడదు. రంగు ఒకవైపు ముదురుగా, ఒకవైపు పాలిపోయినట్లు ఉంటే మంట సమంగా అందలేదని అనుమానించాలి. కొత్త కుండీని వాడే ముందు ఒక రోజంతా నీటిలో నానబెడితే, పొడి గోడ మొక్క నీటిని లాగేసుకోదు. మట్టి కుండీకి బయటివైపు మాత్రమే పెయింటు వేయడం వృథా శ్రమ. లోపలి నుంచి వచ్చే తడి ఆ రంగును బుడగలుగా లేపి ఊడగొడుతుంది.

గ్లేజు, అంటే గాజులాంటి మెరుగు పూత, పూసిన కుండీల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. 1200 డిగ్రీల సెల్సియస్‌కు పైన కాల్చిన స్టోన్‌వేర్ కుండీ మట్టికణాలు ఒకదానిలో ఒకటి కరిగి దాదాపు రాయిలా గట్టిపడతాయి. అది చాలా తక్కువ నీటిని పీల్చుకుంటుంది, ఆరుబయట దశాబ్దాలు నిలవగలదు. అయితే తక్కువ వేడికి కాల్చిన మామూలు మట్టి కుండీ మీద మెరుగు పూసి అమ్మేవి కూడా పక్కనే ఉంటాయి, పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలుసుకోవాలంటే కుండీని తిరగేసి, అడుగున గ్లేజు లేని వలయం మీద ఒక నీటిచుక్క వేయాలి. చుక్క వెంటనే ఇంకిపోతే అది మామూలు మట్టి. నిలిచి ఉంటే స్టోన్‌వేర్ అని నమ్మవచ్చు. మామూలు మట్టి మీద గ్లేజు ఎంత మెరిసినా, లోపలి నుంచి తడి చేరి కొన్నాళ్లకు ఆ మెరుగు పొరలుగా లేస్తుంది. ఎక్కడిదో తెలియని పాత గ్లేజు కుండీల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని పూలమొక్కలకు వాడుకుని, తినే ఆకులకూ కాయలకూ వేరేవి చూసుకోవాలి.

సిమెంటు, ఫైబర్

ఒకసారి పెట్టి మళ్లీ కదపనక్కరలేని చోటుకు సిమెంటు కుండీ చక్కగా సరిపోతుంది. దాని బలహీనత లోపలి ఇనుములో ఉంది. సిమెంటుకు సహజంగా ఉన్న క్షారగుణం ఇనుమును తుప్పు నుంచి కాపాడుతుంది, కానీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి ఇంకుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. చువ్వ మీద సిమెంటు పొర పలుచగా ఉంటే తడి త్వరగా చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు మించి చోటు ఆక్రమించుకుని కుండీని చువ్వ వెంబడే చీలుస్తుంది. కాబట్టి గోధుమరంగు మరక ఉన్న వెంట్రుకవాసి పగులు కనిపించినా, అంచులో చువ్వ తొంగిచూస్తున్నా ఆ కుండీని తీసుకోకూడదు. పోతపోసిన తరువాత కనీసం వారం పాటు తడుపుతూ ఉంచని కుండీ అంచు వేలితో గీకితే ఇసుకలా రాలుతుంది. నున్నగా కనిపించేందుకు పైన విడిగా పూత పూసినవి ఉంటాయి; వాటిని అక్కడక్కడా తట్టి చూస్తే పూత అంటుకోని చోట డొల్ల చప్పుడు వస్తుంది.

కొత్త సిమెంటు కుండీలోని నీటి పీహెచ్ 12 దాటవచ్చు, అంటే ఆ నీరు బాగా క్షారంగా ఉంటుంది. మొక్క నాటే ముందు కొన్ని రోజుల పాటు దానిలో నీరు నింపుతూ, రోజూ పారబోస్తూ ఉండాలి. అజేలియా, బ్లూబెర్రీ, గార్డెనియా వంటి ఆమ్ల నేలను కోరే మొక్కలకు సిమెంటు కుండీ అసలు వద్దనే నేను చెబుతాను. సిమెంటు రూపం కావాలి కానీ అంత బరువు వద్దనుకునేవారికి గాజునారు కలిపిన సిమెంటు కుండీలు ఉన్నాయి. వాటిలో ఇనుము ఉండదు, గోడ పలుచగా ఉంటుంది. కాకపోతే మామూలు గాజునారును సిమెంటులోని క్షారం తినేస్తుంది కాబట్టి, జిర్కోనియా ఉన్న క్షారనిరోధక గాజునారు వాడారా అని అడిగి తెలుసుకోవాలి.

రెజిన్‌తో చేసే ఫైబర్ గ్లాస్ కుండీలు మేడమీదికి చాలా అనువైనవి, తేలికగానూ గట్టిగానూ ఉంటాయి. వాటిని ఎండ నుంచి కాపాడేది జెల్‌కోట్ అనే పైపూత. అది అరిగిపోతే గాజునారు బయటపడి, ముట్టుకుంటే చేతికి దురద పెడుతుంది. ఆ దశ రాకముందే ఆరుబయటి పెయింటు వేసుకోవాలి. కొనేటప్పుడు కుండీ లోపలికి తల వంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, పలుచగా వదిలేసిన చోట్లు తేటగా కనిపిస్తాయి.

లోహం, చెక్క, గుడ్డ సంచులు

జింకు పూత ఉన్న ఇనుప తొట్టి పూత ఉన్నంతకాలం బాగుంటుంది. గీతలు పడిన చోట, కత్తిరించిన అంచుల్లో, వెల్డింగు చేసిన చోట తుప్పు మొదలవుతుంది. ఆమ్ల గుణమున్న మట్టి, రసాయన ఎరువులు జింకును వేగంగా కరిగిస్తాయి. మొక్కను ప్లాస్టిక్ కుండీలో పెట్టి, ఆ కుండీని తొట్టిలో దించడం అన్నిటికంటే సులువైన రక్షణ. అల్యూమినియం తుప్పు పట్టదు కానీ మిగతా లోహాల్లాగే ఎండలో వేళ్లను ఉడికిస్తుంది. కార్టెన్ అనే ఉక్కు మీద తుప్పే రక్షణ పొరగా మారుతుందన్నది నిజమే, అయితే తడి, పొడి మారుతూ ఉన్నప్పుడే ఆ పొర కుదురుకుంటుంది. ఎప్పుడూ తడిగా ఉండే లోపలివైపు అది తరుగుతూనే ఉంటుంది, పైగా కింది నేలకు చెరగని మరక పడుతుంది.

చెక్కలో చేవ ఉన్న టేకు, దేవదారు వంటివి మాత్రమే తీసుకోవాలి. చుట్టూ ఉండే లేత తెల్లచెక్క త్వరగా కుళ్లుతుంది, చెద కూడా పడుతుంది. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. పక్కలకు లోపల ప్లాస్టిక్ షీటు వేయవచ్చు కానీ అడుగున వేసి నీటిని ఆపకూడదు. క్రియోసోటు అనే విషపూరితమైన తారునూనె పట్టించిన పాత రైలు స్లీపర్లను కూరగాయలకు వాడవద్దు. గుడ్డ సంచుల్లో వేళ్లు చుట్టలు చుట్టుకోకుండా చక్కగా పెరుగుతాయి, కానీ కొన్ని పంటకాలాల తరువాత వాటిని మార్చుకోవడానికి సిద్ధపడి కొనాలి. వాటిలో గుడ్డ కంటే ముందు కుట్టు దారం పోతుంది కాబట్టి అడుగు కుట్టు రెండు వరుసలుగా ఉందో లేదో చూడాలి.

ఆకారం, చిల్లులు, కొలత

పొట్ట ఉబ్బి మూతి సన్నగా ఉన్న కుండీ చూడముచ్చటగా ఉంటుంది. అందులో పెరిగిన మొక్కను వేరే కుండీలోకి మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం వేళ్లు పట్టిన మట్టిగడ్డ మూతి గుండా బయటికి రాదు. వేళ్లనో కుండీనో కోల్పోక తప్పదు. అటువంటివాటిని ఏటా తీసేసే పూలమొక్కలకు ఉంచుకుని, బహువార్షికాలకు నిలువు గోడలు గానీ, పైకి కొద్దిగా విచ్చుకున్న గోడలు గానీ ఉన్నవి ఎంచుకోవాలి. విచ్చుకున్న ఆకారానికి మరో లాభం ఏమిటంటే, లోపలి మట్టి గడ్డకట్టి ఉబ్బినప్పుడు గోడను నెట్టకుండా పైకి జరుగుతుంది. ఒకే వెడల్పు, లోతు ఉన్న చదరపు కుండీలో గుండ్రటిదానికంటే సుమారు 27 శాతం ఎక్కువ మట్టి పడుతుంది. అయితే పొడవాటి ప్లాస్టిక్ తొట్లకు చదును గోడలు మట్టి ఒత్తిడికి ఉబ్బిపోతాయి కాబట్టి, గోడకు నిలువు మడతలు గానీ మధ్యలో అడ్డపట్టీ గానీ ఉండాలి.

చిల్లు ఒక్కటే ఉన్న పెద్ద కుండీ కంటే, వేలు పట్టేంతవి మూడు నాలుగు ఉన్నది నయం. అవి అడుగున అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట ఉండాలి. కొన్ని ప్లాస్టిక్ కుండీల్లో చిల్లుల గుర్తులు మాత్రమే ఉంటాయి, వాటిని నాటే ముందు మనమే తెరవాలి. చదును అడుగున్న కుండీని చదును నేల మీద పెడితే చిల్లు మూసుకుపోతుంది. కింద రెండు సెంటీమీటర్ల ఎత్తున దిమ్మలు పెడితే నీరు పోతుంది, చెక్కకూ రేకుకూ ఆయుష్షు పెరుగుతుంది. అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం ఎంత పాతదైనా సరైనది కాదు. సన్నని రేణువులున్న మట్టి నీటితో పూర్తిగా నిండితే తప్ప నీరు దాని నుంచి గులకరాళ్లలోకి దిగదు. ఫలితంగా తడి నిలిచే పొర వేళ్లకు మరింత దగ్గరవుతుంది. గ్లేజు కుండీకి చిల్లు వేయాలంటే వజ్రపు పొడి అద్దిన బిట్టుతో, నీరు పోస్తూ, డ్రిల్లును సుత్తి మోడ్‌లో పెట్టకుండా నెమ్మదిగా వేయాలి. ఆస్బెస్టాస్ ఉందన్న అనుమానం ఉన్న పాత సిమెంటు తొట్లను కోయడం, తొలచడం చేయరాదు.

ఆకుకూరలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు చాలు. టమాటా, మిరప వంటివాటికి 30 సెంటీమీటర్ల లోతు, 20 లీటర్ల మట్టి ఉంటే మంచిది. పొట్టి రకం పండ్లచెట్లకు 45 నుంచి 60 సెంటీమీటర్ల కుండీ కావాలి. చిన్న మొక్కను ఒక్కసారిగా పెద్ద కుండీలో పెడితే వేళ్లు అందుకోని మట్టి తడిగానే ఉండిపోయి కుళ్లు వస్తుంది. మర్రి జాతి మొక్కలు, వెదురు పెట్టేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: వాటి వేళ్లు బిగుసుకుంటే స్టోన్‌వేర్ కుండీని కూడా చీల్చగలవు. వాటికి వంగే గుణమున్న మందపాటి ప్లాస్టిక్కు మేలు, లేదా ఏడాదికొకసారి బయటికి తీసి వేళ్లను కత్తిరించాలి.

వాడిన కుండీలు దొరికితే తీసుకోవడంలో తప్పులేదు, అయితే పైన చెప్పిన చప్పుడు పరీక్ష తప్పనిసరి. మట్టిని రుద్ది కడిగాక, ఒక వంతు ఇంటి బ్లీచు ద్రావణానికి తొమ్మిది వంతుల నీరు కలిపి, అందులో పది నిమిషాలు నానబెట్టి, మంచినీటితో కడిగి ఆరబెడితే పాత మొక్కల తెగుళ్లు కొత్తవాటికి అంటవు. ఏ రకం కుండీనైనా జరిపేటప్పుడు అంచు పట్టి లాగకుండా అడుగు కింద చేతులు పెట్టి ఎత్తాలి, బరువైనవాటి కింద చక్రాల పీట పెట్టుకోవాలి. నీరు గడ్డకట్టే చోట ఉండేవారు ఖాళీ అయిన మట్టి కుండీలను చలి రాకముందే పూర్తిగా ఆరబెట్టి, వాన తగలని చోట బోర్లించి పెట్టాలి. ఒకదానిలో ఒకటి దూర్చవలసి వస్తే మధ్యలో కాగితం వేస్తే అవి ఒకదానికొకటి పట్టేయకుండా ఉంటాయి.